గోడ మీద తేదీలు: మలేరియా పోయినట్టే పోయి మళ్లీ ఎందుకొచ్చింది?

మీ ఊర్లో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దమనుషులు ఉంటే ఒక్క మాట అడగండి: "మలేరియా వాళ్లు ఇంటికొచ్చేది యాదికుందా?" అని. రెండు వారాలకోసారి ఒకాయన వచ్చేటోడు. "ఇంట్ల ఎవరికన్నా జ్వరమా?" అని అడిగేటోడు. ఉంటే వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద నెత్తురు చుక్క తీసుకునేటోడు. క్లోరోక్విన్ గోలీలు చేతిల పెట్టి, గోడ మీద గీసిన గళ్లల్ల తేదీ రాసి పోయేటోడు.

ఈ ఎపిసోడ్ ఆ గళ్ల గురించే. ఆ తేదీలు రాయడం ఎప్పుడు ఆగితే అప్పుడు మలేరియా తిరిగొచ్చింది.

కథ మన దగ్గరే మొదలైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికే 1902లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. కానీ రోగం ఎట్లా వస్తుందో తెలిసినంత మాత్రాన ఉట్నూరు, తిర్యాణి, కెరమెరి గూడేలకు మందు చేరలేదు. దానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టారు. ఫలితం ఎంత బాగుందంటే, 1958లో పేరులో "నియంత్రణ" తీసేసి "నిర్మూలన" అని పెట్టారు. 10 వేల జనాభాకు ఒక కార్యకర్త. ప్రతి ఇంటికీ రెండు వారాలకోసారి వెళ్లడమే ఆయన డ్యూటీ. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు పడిపోయాయి. కోట్ల నుంచి లక్షకు!

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. కేసులు తగ్గాయి కదా అని చాలా ప్రాంతాల్లో ఆ పని మామూలు ఆరోగ్య శాఖకు అప్పగించారు. అక్కడ సిబ్బంది చాలలేదు. అదే టైంలో డీడీటీకి దోమలు అలవాటుపడ్డాయి, దాని సరఫరా కూడా తగ్గింది. 1973లో అస్సాంలో క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా బయటపడింది. 1976 వచ్చేసరికి కేసులు 64 లక్షలు.

మన ఒక్కరికే కాదు, శ్రీలంకకూ ఇదే జరిగింది. 1963లో ఆ దేశం మొత్తంలో 17 కేసులే. ఇక అయిపోయింది అనుకుని పట్టు సడలించారు. 1969లో 5 లక్షలకు పైగా కేసులొచ్చాయి.

ఇప్పుడు ఒక డౌట్ రావాలి మీకు. జ్వరం వచ్చినోడు ఎట్లాగూ దవాఖానకు వస్తాడు కదా, ఇల్లిల్లూ ఎందుకు తిరగాలి?

మొదటి కారణం దారి. వానాకాలంలో వాగు పొంగితే కొండ మీది కొలాం గూడెం నుంచి పీహెచ్‌సీకి రావడం అయ్యే పనేనా? మలేరియా పెరిగేదీ ఆ కాలంలోనే.

రెండో కారణం, మలేరియా ఉన్న ప్రతి ఒక్కరికీ జ్వరం రాదు. పదేపదే మలేరియా వచ్చిన ఊళ్లలో మనుషుల ఒంటికి అది కొంత అలవాటవుతుంది. నెత్తురులో పరాన్నజీవి ఉంటుంది, మనిషి మాత్రం చేనుకు పోతాడు, పని చేసుకుంటాడు. ఆయన్ను కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుంది. అంటే "జ్వరమా?" అని అడిగితే దొరకని కేసులివి. అందుకే కొన్ని చోట్ల జ్వరం ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరికీ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. 2020లో మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో ఇల్లిల్లూ తిరిగి పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు.

అట్లాగని ఇదేం మంత్రం కాదు. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ టెస్ట్ ఇరవై నిమిషాల్లోపే ఫలితం చెప్తుంది కానీ, పరాన్నజీవులు మరీ తక్కువుంటే పట్టలేదు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఊళ్లకు ఊళ్లు పరీక్షించి మందులిచ్చినా, తర్వాతి సీజన్‌లో జ్వరాలు అంతగా తగ్గలేదు. ఒక్కసారి తిరిగితే సరిపోదు. మళ్లీ మళ్లీ తిరగాలి, దోమతెరలు ఇవ్వాలి, దోమల మందు కొట్టాలి. అన్నీ కలిస్తేనే పని.

వైవాక్స్ రకం ఇంకా మొండిది. కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దానికి ప్రిమాక్విన్ 14 రోజులు వాడాలి. మూడో రోజుకే జ్వరం పోతుంది, మనోళ్లు గోలీలు అటక మీద పెడతారు. ఆ గోలీలు రోజూ మింగుతున్నారా అని గుమ్మం దగ్గరికొచ్చి అడిగే మనిషి కావాలి.

ఒకప్పటి ఆ కార్యకర్త పనిలో పెద్ద భాగం ఇప్పుడు ఆశా అక్కలు చేస్తున్నారు. కిట్టూ, మందూ వాళ్ల సంచిలోనే ఉంటాయి. తెలంగాణలో కేసులు బాగా తగ్గాయి. 2030కల్లా దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం. కానీ పాత కరీంనగర్ జిల్లా కాళేశ్వరం దగ్గర గానీ, ఆసిఫాబాద్ వైపు గానీ ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మలేరియా ఇంకా గట్టిగానే ఉంది. చుట్టరికాలు, కూలి పనులు, అంగళ్లు నది దాటి నడుస్తూనే ఉంటాయి. దోమకు బార్డర్ తెలియదు.

కేసులు తక్కువున్నప్పుడే "ఇంకా ఇల్లిల్లూ ఎందుకు, ఖర్చు దండగ" అనే మాట వినిపిస్తుంది. 1965 తర్వాత మన దగ్గర జరిగింది అదే. 1963 తర్వాత శ్రీలంకలో జరిగిందీ అదే. వాళ్లు మాత్రం తర్వాత పాఠం నేర్చుకున్నారు. పట్టు విడవకుండా వెతికి, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకున్నారు.

కాబట్టి ఆశా అక్క గుమ్మంలో నిలబడి వేలు చూపించమంటే, "నాకేం జ్వరం లేదు" అని పంపించేయకండి. ఆమె వెతికేది జ్వరం లేనోళ్లను కూడా. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ గోడ గళ్లు యాదికుంటే ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.