పేటల జనస్థితి – పురపాలనము : మదనపల్లె, పుంగనూరు, కుప్పము

ఏ పేటలో నెవరు నివసింతురను విషయము పురరాజకీయములకు మూలమని మేము తలంచుచున్నాము. పుంగనూరు జమీందారీ కేంద్రము. కుప్పము కంగుంది జమీనులోనిది. 1911లో కడప మండలమునుండి చిత్తూరు మండలమున చేరిన మదనపల్లె, 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాలచే విద్యాస్థానమైనది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీనుల ప్రాభవమంతరించి, ఓటు ప్రధానమయ్యెను.

1989 నుండి చంద్రబాబునాయుడుగారిని శాసనసభకు పంపుచున్న నియోజకవర్గమునకు కేంద్రము కుప్పము. పురపాలక సంఘమైన పిమ్మట 2021 నవంబరులో జరిగిన తొలి యెన్నికలో, 25 వార్డులకుగాను వైఎస్సార్ కాంగ్రెసు 19, తెలుగుదేశము 6 గెలిచినవి. శాసనసభకొక తీర్పు, వార్డుల కొక తీర్పు!

వార్డుల విభజనకును, షెడ్యూల్డు కులముల, తెగల స్థానముల కేటాయింపునకును జనగణనమే ఆధారము. 2021లో జరుగవలసిన గణనము జరుగకపోవుటచే 2011 లెక్కయే శరణ్యమైనది. స్థలముల వెలలు పెరిగి, అద్దె భరింపలేక పేదలు ఊరి వెలుపలికి తరలినను, ప్రాతలెక్క వారిని ప్రాతపేటలోనే చూపును. ఇట్లు వారు విడిచిన పేటలో లెక్కకు మాత్రమే మిగిలి, చేరిన చోట లెక్కకు రాకుందురు. కావున వార్డుల గీతలు గీయుట కేవలము గుమాస్తా పనికాదు. సభలో ఎవరి మాట వినబడునో నిర్ణయించు కార్యము.