విద్యార్థుల విహారయాత్రల్లో ప్రమాదాలు

పాఠశాలలు, కళాశాలలు విద్యార్థులను చదువులో భాగంగానో వినోదానికో ఊరు దాటించి తీసుకెళ్లే యాత్రల్లో ప్రాణాలు పోయినప్పుడు, కారణం సాధారణంగా మూడు మాటల్లో తేలిపోతుంది: విధి వక్రించింది, పిల్లలు మాట వినలేదు, డ్రైవరు నిర్లక్ష్యం. ఒక్కో దుర్ఘటన లోపలికి వెళ్లి చూస్తే ఈ మూడూ చాలవు. వాటిలో చాలావాటి వెనుక ఉన్నది ఒకే లోపం. ఆగిన చోటు ఎలాంటిదో తెలిసి, ‘ఇక్కడ దిగొద్దు’ అని చెప్పగల అధికారం ఉన్న మనిషి బృందంలో ఉండడు. తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి తెలియదు. విహారయాత్రల భద్రత గురించి ఏం ఆలోచించినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తెలుగువారి జ్ఞాపకంలో చెరగని ఉదాహరణ బియాస్ నది దుర్ఘటన. 2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్‌కు చెందిన వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు మనాలి వెళ్తూ హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లా థలౌట్ దగ్గర ఫొటోల కోసం ఆగారు. ఆనకట్టకు దిగువన ఉండే కొండనది అది. పైన నీళ్లు ఆపినంతసేపూ బండరాళ్లు తేలి, వాటి మధ్య నీళ్లు సన్నగా పారుతుంటాయి. ఎవరికైనా రాళ్ల మీదుగా నడిచి మధ్యకు వెళ్లాలనిపిస్తుంది. అదే సమయంలో ఎగువన ఉన్న 126 మెగావాట్ల లార్జీ జలవిద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. టర్బైన్ల గుండా పోవలసిన నీటిని గేట్ల నుంచి వదిలారు. సుమారు 700 క్యూసెక్కులుగా ఉన్న ప్రవాహం ఓ గంటలో దాదాపు 16 వేల క్యూసెక్కులకు చేరింది. రాళ్ల మీద నిలబడ్డవాళ్లకు ఒడ్డుకు చేరే దారి మూసుకుపోయింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం గాలింపు వారాల తరబడి సాగింది.

ఆ నది ఎప్పుడు పొంగుతుందో విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాళ్లకు తెలుసు. ఎండినట్టు కనిపించే ఆ నదిలోకి దిగకూడదని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ తెలుసు. బస్సులో ఉన్నవాళ్లకు మాత్రం తెలియదు. బస్సు ఆగడానికీ, గేటు ఎత్తడానికీ మధ్య కబురు మోసే మనిషి లేడు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు దీన్ని తనంతట తానే విచారణకు స్వీకరించి, 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి రూ.20 లక్షల పరిహారం, దానిపై వడ్డీ చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ భారంలో 60 శాతం విద్యుత్ బోర్డు మీద, 30 శాతం కళాశాల మీద, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం మీద మోపింది. ఈ పంపకం గమనించదగ్గది. నీళ్లు వదిలింది బోర్డే అయినా, పిల్లలను తీసుకొచ్చిన సంస్థకు తప్పించుకునే వీలు ఇవ్వలేదు. టూర్ ఏజెంటుకు అప్పగించినంత మాత్రాన బాధ్యత చేతులు మారదని దీని అర్థం.

పిల్లలు మాట వినరనే అభ్యంతరంలో నిజం లేకపోలేదు. ఇరవై ఏళ్ల లోపు వాళ్లు గుంపుగా నీళ్లు చూసి ఒడ్డున కూర్చోరు. 2022 జులై 29న అనకాపల్లిలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు పరీక్ష రాశాక పూడిమడక తీరానికి వెళ్లి సముద్రంలో దిగారు. ఏడుగురు కొట్టుకుపోగా ఒక్కరే బతికారు. అది కళాశాల ఏర్పాటు చేసిన యాత్ర కాదు, ‘వద్దు’ అనే పెద్దమనిషి ఎవరూ వెంట లేరు. కానీ కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ సంగతి ఏమిటి? 2024 డిసెంబరులో, తెలుగు బాగా వినిపించే కోలార్ జిల్లా ముళబాగిలు తాలూకాలోని మొరార్జీ దేశాయ్ ఆశ్రమ పాఠశాల నుంచి టీచర్లతో వెళ్లిన బాలికల్లో నలుగురు అక్కడి సముద్రంలో మునిగి చనిపోయారు. టీచర్లు ఉన్నారు, సముద్రం తెలిసినవాళ్లు పక్కన లేరు. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే పాయ దగ్గర అలలు అంతగా విరగవు. పక్కనంతా నురగ లేస్తుంటే అక్కడ మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు స్నానానికి ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే. రోజూ వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఇది చూడగానే తెలుస్తుంది, గణితం మాస్టారుకు తెలియకపోవడం ఆయన తప్పు కాదు. తెలిసినవాణ్ని వెంట పెట్టుకోకపోవడమే తప్పు.

నిబంధనలు గట్టిగా ఉంటే చాలంటారు మరికొందరు. 2022 అక్టోబరు 5 రాత్రి కేరళలోని వడక్కంచేరి దగ్గర ఊటీకి విద్యార్థులతో వెళ్తున్న బస్సు ఒక ఆర్టీసీ బస్సును వెనుక నుంచి ఢీకొట్టి తొమ్మిది మంది చనిపోయారు. ఆ సమయంలో దాని వేగం గంటకు 97 కిలోమీటర్లు దాటింది. విద్యార్థుల యాత్రలు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు సాగకూడదన్న ఉత్తర్వు అప్పటికే ఉంది. వేగం తగ్గించమని డ్రైవరును ఒప్పించే అధికారమే బస్సులో ఎవరికీ లేకపోయింది. వడోదరలోని హర్ణీ చెరువులో 2024 జనవరి 18న పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయినప్పుడూ అంతే. పడవలో ఎంతమంది ఎక్కాలో నిర్ణయించింది నడిపేవాళ్లు, ఎక్కినవాళ్లు కాదు. ఇంగ్లండ్‌లో 1993 మార్చిలో లైమ్ బే దగ్గర ఒక సాహస కార్యక్రమాల కేంద్రం నుంచి చిన్న పడవల్లో సముద్రంలోకి వెళ్లిన నలుగురు విద్యార్థులు చనిపోయారు. భద్రత సరిగా లేదని ఆ కేంద్రంలో పనిచేసిన శిక్షకులు అంతకు ముందే యజమానికి ఉత్తరం రాశారు. తెలిసినవాళ్ల మాటకు విలువ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు. ఆ సంస్థ యజమానికి జైలుశిక్ష పడింది. 1995లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి, పిల్లలకు ఇలాంటి సాహస కార్యక్రమాలు నడిపే కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది.

ఇన్ని ప్రమాదాలు చూశాక టూర్లే మానేస్తే పోలేదా అన్న మాట ప్రతిసారీ వస్తుంది. చోడవరం లాంటి పట్టణం నుంచి చూస్తే ఆ మాట నిలవదు. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ప్రధానంగా చెరకు పండించే వ్యవసాయ సీమ. ఇక్కడి పిల్లల్లో చాలామంది బొర్రా గుహలైనా, అరకు లోయైనా, విశాఖ ఓడరేవైనా బడి చూపిస్తేనే చూస్తారు. సొంత కారు, సెలవులు ఉన్న ఇంటి పిల్లలకు నిషేధం వల్ల పోయేదేమీ లేదు, పోయేదంతా వీళ్లకే. ఘాట్ రోడ్డు భయం నిజమే. 2023 ఆగస్టు 20న చోడవరం నుంచి పాడేరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి ఇద్దరు చనిపోయారు. అది రోజూ తిరిగే బస్సు, విహారయాత్ర కాదు. రోడ్డు ప్రమాదం ఎవరినైనా కబళిస్తుంది కాబట్టి దానికి విరుగుడు రోడ్ల దగ్గర, వాహన తనిఖీల దగ్గర వెతకాలి. నీటి దగ్గరి మరణాల సంగతి వేరు. అవి ఎక్కువగా పిల్లలు దిగి ఆడుకున్న చోట జరిగాయి, అక్కడ ఆగాలా వద్దా అన్నది బృందం చేతిలోని పని.

అందుకే తల్లిదండ్రులు సంతకం చేసే అనుమతి పత్రంలో ‘ఏం జరిగినా బాధ్యత మాదే’ అన్న వాక్యం కంటే బస్సు ఆగే చోట్ల పేర్లు ఉండటం ముఖ్యం. అందులో లేని చోట, ఎంత అందమైన జలపాతం కనిపించినా, బస్సు ఆగకూడదు. ఈ ప్రాంతంలోని సరియా జలపాతం దగ్గరైతే ఆ ఊరి మనిషి, పూడిమడక దగ్గరైతే ఒక మత్స్యకారుడు రోజు కూలికి వెంట ఉండాలి. ఆయన వద్దంటే హెడ్మాస్టరైనా సరే వినాలని యాత్రకు ముందే పిల్లల ఎదుట చెప్పాలి. దీనికి డబ్బెక్కడిదని అడుగుతారు. కోళ్లకూర, ఐస్‌క్రీము, పాటల పెట్టె అద్దె అన్నీ లెక్కలో ఉండే యాత్రలో ఒక మనిషి కూలి తలా కొద్ది రూపాయలకు మించదు. వసూలు చేసే చందాలోనే ఆ మొత్తాన్ని విడిగా రాసి చూపించాలి.