లారీ టైర్లు: ఒక్క టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? పేలిపోయే ముందు ఏం చూడాలి?

మిర్చి సీజన్ వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ లారీలే లారీలు. వాటికి తోడు భూపాలపల్లి బొగ్గు బండ్లు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే ఇసుక బండ్లు. ఈ ఓనర్లను డీజిల్ తర్వాత ఎక్కువగా భయపెట్టే ఖర్చు టైర్లే. పది టైర్ల లారీకి అన్నీ ఒకేసారి మార్చాలంటే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. అందుకే ‘ఇంకో ట్రిప్పు నడిపిద్దాం’ అనుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది కూడా అక్కడే.

మరి టైరు ఎంత కాలం వస్తుంది? దీనికి ఒకటే లెక్క లేదు. హైవే మీద, పరిమితి దాటని లోడుతో తిరిగే బండికి మంచి రేడియల్ టైరు లక్ష కిలోమీటర్లు దాటి కూడా వస్తుంది. నైలాన్ టైరు అంత రాదు. అదే రేడియల్ టైరు ఇసుక రీచ్‌లో, క్వారీ రాళ్ల మీద తిరిగితే అందులో సగం వచ్చినా గొప్పే.

టైరును చంపేది దూరం కంటే వేడి. గాలి తక్కువగా ఉంటే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంటాయి. దాంతో లోపల వేడి పుడుతుంది. పైన ఓవర్‌లోడ్, కింద మే నెల రోడ్డు.. ఇక చెప్పేదేముంది! పది టైర్ల లారీకి మొత్తం బరువు పరిమితిని కేంద్రం 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. లారీ బరువు కూడా అందులోనే కలిసి ఉంటుంది. కాంటా దగ్గర చాలామంది మర్చిపోయేది ఇదే.

వెనక జంట టైర్లతో ఇంకో తంటా. లోపలి టైరుకు గాలి తగ్గినా బయటికి కనిపించదు. అప్పుడు బరువంతా పక్క టైరు మీద పడుతుంది. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది జోడీగా వేసినా అంతే, పెద్దగా ఉన్న టైరే ఎక్కువ బరువు మోస్తుంది. రెండింటి మధ్య రాయి ఇరుక్కుంటే పక్క గోడలు కోసుకుపోతాయి. గాలి చెక్ చేయాల్సింది బండి బయల్దేరక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే. నడిచి వచ్చిన వేడి టైరులో ప్రెజర్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయడం పెద్ద పొరపాటు.

అరిగిన టైరును రీబటన్ చేయిస్తే కొత్త టైరు కంటే బాగా తక్కువ ఖర్చుతో మరికొన్ని వేల కిలోమీటర్లు వస్తుంది. ఆర్టీసీ కూడా తన బస్సుల టైర్లను రీట్రెడింగ్ చేయించుకుంటుంది. అయితే కింద కేసింగ్ బాగుంటేనే ఇది పనికొస్తుంది. ముందు చక్రాలకు మాత్రం రీబటన్ టైర్లు వద్దు. ముందు టైరు పేలితే స్టీరింగ్ ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది. డ్రైవర్‌తో పాటు ఎదురొచ్చే వాళ్ల ప్రాణాలకూ ముప్పే.

ఎప్పుడు మార్చాలి? గాట్ల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాట్ల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు వాటి దాకా అరిగితే మార్చాల్సిందే. ఇక వయసు తెలియాలంటే పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 1523 అని ఉంటే 2023లో 15వ వారం, అంటే ఏప్రిల్‌లో తయారైందని అర్థం.

ఈ అంకెలు ముందుగా చూడాల్సింది స్టెప్నీ మీద. ఏళ్ల తరబడి వేలాడే ఆ టైరు గాట్లు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండి బీటలు తీసి ఉంటుంది. అర్ధరాత్రి రోడ్డు పక్కన దాన్నే బిగించి, ఫుల్ లోడుతో బయల్దేరుతారు.