విశ్వావిర్భావం - ఆధ్యాత్మిక, వైజ్ఞానిక దృక్పథాల సమన్వయం

విశ్వం ఎప్పుడు, ఏ విధంగా ఆవిర్భవించింది అనే ప్రశ్నకు ధర్మగ్రంథాలు ఒక విధంగాను, ఆధునిక విజ్ఞానశాస్త్రం మరొక విధంగాను సమాధానం చెబుతాయి. ఈ రెండింటినీ సమన్వయపరచే ప్రయత్నాలు పందొమ్మిదవ శతాబ్దం చివరినుండి విరివిగా జరిగాయి. తెలుగు విద్యార్థి ఇంట్లో పూజా సంకల్పంలో కల్పం, మన్వంతరం అనే మాటలు వింటాడు. పాఠశాలలో మహావిస్ఫోటం గురించి చదువుతాడు. అందువలన ఈ రెంటికీ గల సంబంధమేమిటన్న ప్రశ్న అతనికి సహజంగానే ఎదురవుతుంది.

సంప్రదాయ భావనలు

ఋగ్వేదం పదవ మండలంలోని 129వ సూక్తాన్ని నాసదీయ సూక్తం అంటారు. ఇందులో ఏడు మంత్రాలున్నాయి. సృష్టికి పూర్వస్థితిని ప్రశ్నిస్తూ ఆరంభమయ్యే ఈ సూక్తం, సృష్టి మూలం దాని అధ్యక్షునికైనా తెలుసునో లేదో అన్న సందేహంతో ముగుస్తుంది. తైత్తిరీయోపనిషత్తు ప్రకారం ఆత్మనుండి ఆకాశం, ఆపై క్రమంగా వాయువు, అగ్ని, జలం, పృథివి పుట్టాయి. 15వ శతాబ్దానికి చెందిన బమ్మెర పోతన తెలిగించిన భాగవతం తృతీయ స్కంధంలో సృష్టిక్రమంతో పాటు పరమాణువు మొదలు బ్రహ్మ ఆయుష్షు వరకు గల కాలమానం వర్ణింపబడింది.

పురాణ గణన ప్రకారం కలియుగం 4,32,000 సంవత్సరాలు, మహాయుగం 43,20,000 సంవత్సరాలు. వేయి మహాయుగాలు, అనగా 432 కోట్ల సంవత్సరాలు, ఒక కల్పం. ఇది బ్రహ్మకు ఒక పగలు. సృష్టి, ప్రళయం ఒకదాని వెంట ఒకటి చక్రంవలె వస్తాయి.

సంకల్పంలో దేశకాలాలు

పూజకు ముందు కర్త తానున్న కాలాన్ని, స్థలాన్ని చెప్పుకొనడాన్ని సంకల్పం అంటారు. బ్రహ్మ ఆయుష్షులో రెండవ సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమ పాదం అని కాలం చెబుతారు. పిదప స్థలం వస్తుంది. హైదరాబాదు ఉత్తర శివారున మేడ్చల్ మండలంలోని రావల్కోల్ వంటి గ్రామాలు కృష్ణా గోదావరుల మధ్య, శ్రీశైలానికి వాయవ్యంగా ఉన్న ప్రదేశం కిందికి వస్తాయి. ఈ గణన ప్రకారం ప్రస్తుత కల్పంలో ఇప్పటివరకు గడచినది సుమారు 197 కోట్ల సంవత్సరాలు.

వైజ్ఞానిక సిద్ధాంతం

విశ్వం వ్యాకోచిస్తున్నదని బెల్జియం శాస్త్రవేత్త జార్జ్ లెమైత్ర్ 1927లో ప్రతిపాదించాడు. గెలాక్సీలు దూరమైనకొద్దీ ఎక్కువ వేగంతో తొలగిపోతున్నట్లు 1929లో ఎడ్విన్ హబుల్ చూపాడు. వెనుకకు లెక్కిస్తే విశ్వం ఒకప్పుడు అత్యంత సాంద్రమైన, వేడి స్థితిలో ఉండేదని తేలుతుంది. ఆ స్థితినుండి మిగిలిన సూక్ష్మతరంగ వికిరణాన్ని ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ కనుగొన్నట్లు 1965లో ప్రకటింపబడింది. నేటి కొలతల ప్రకారం విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు, భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఆ తొలి స్థితికి కారణమేమిటో ఈ సిద్ధాంతం చెప్పదు.

సమన్వయ ప్రయత్నాలు

1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన స్వామి వివేకానంద, అదే సంవత్సరం అమెరికా వెళ్ళాడు. అక్కడ 1896లో నికోలా టెస్లాతో వేదాంతంలోని ప్రాణం, ఆకాశం, కల్పాల గురించి చర్చించాడు. పదార్థం, శక్తి ఒకే మూలానికి చెందినవని టెస్లా గణితపరంగా నిరూపిస్తే వేదాంత సృష్టివాదానికి గట్టి పునాది లభిస్తుందని ఆశించాడు. టెస్లా ఆ నిరూపణ చేయలేదు.

1951లో పోప్ పన్నెండవ పయస్ కొత్త విశ్వసిద్ధాంతాన్ని సృష్టికర్త ఉనికికి అనుకూలంగా పేర్కొన్నాడు. స్వయంగా క్రైస్తవ మతాచార్యుడైన లెమైత్ర్ దీనికి సమ్మతించలేదు. తన సిద్ధాంతం మతవిషయాలకు అతీతమైనదని, దానితో విశ్వాసాన్ని నిరూపించడం గాని ఖండించడం గాని తగదని ఆయన అభిప్రాయం. 1980లో కార్ల్ సాగన్ హిందూ కాలమానపు విస్తృతిని ప్రశంసిస్తూనే, ఆధునిక అంచనాలతో దాని పోలిక యాదృచ్ఛికమని అన్నాడు.

హైదరాబాదులోని బిర్లా మందిరాన్ని 1976లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి రంగనాథానంద ప్రారంభించాడు. విజ్ఞానశాస్త్రం, మతం పరస్పర విరుద్ధాలు కావన్నది ఆయన రచనలలో ముఖ్యమైన వాదం. ఆ మందిరానికి సమీపంలోనే 1985లో బిర్లా నక్షత్రశాల ఏర్పడింది.

అంకెల పోలికలోని చిక్కు

కల్పం 432 కోట్లు, భూమి వయస్సు 454 కోట్లు గనుక రెండూ ఒకటేనని కొందరు వాదిస్తారు. కాని కల్పమనేది ఒక పగటి పూర్తి నిడివి. అందులో గడచినది 197 కోట్లే. హైదరాబాదు పరిసరాలలోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. యురేనియం సీసంగా మారే రేటు వంటి కొలతల ద్వారా శిలల వయస్సును నిర్ధారిస్తారు. ఈ రెండు లెక్కలనూ అక్షరార్థంలో తీసుకుంటే, సంకల్పం చెప్పుకునే చోట నేలలోని రాయి ఆ సంకల్పంలోని కల్పారంభం కంటే పాతది.

మరొక ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. హబుల్ తొలి కొలతల ప్రకారం విశ్వం వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరాలే. నాడు ఈ అంకెను 197 కోట్లతో పోల్చి ఉంటే శాస్త్రం పురాణాన్ని నిరూపించినట్లే తోచేది. కాని 1952లో వాల్టర్ బాడె గెలాక్సీల దూరాలను సవరించడంతో ఆ వయస్సు దాదాపు రెట్టింపయింది, తరువాత ఇంకా పెరిగింది. విశ్వాసాన్ని ఒక అంకెకు ముడిపెడితే, ఆ అంకె మారినప్పుడల్లా విశ్వాసానికి భంగం కలుగుతుంది. మారకూడదని పట్టుబడితే శాస్త్రపద్ధతికే భంగం కలుగుతుంది.

కొలతను సాక్ష్యాన్ని బట్టి సవరించుకోవడం శాస్త్రం పని. అపారమైన దేశకాలాలలో మానవుని స్థానాన్ని గుర్తుచేయడం సంకల్పం పని. ఈ భేదాన్ని గుర్తిస్తే రెండింటి మధ్య వైరుధ్యం చాలావరకు తొలగుతుంది. నాసదీయ సూక్తం సమాధానం చెప్పకుండా ప్రశ్నతోనే ముగియడం, తొలి కారణం విషయంలో నేటి శాస్త్రం నిర్ణయం ప్రకటించకపోవడం ఈ రెండు దృక్పథాలూ సన్నిహితమయ్యే చోటు.