తుఫానుకు రూపం దొరికిన కథ

వాయుగుండం అన్న మాటలోనే గుండం ఉంది. గాలి సుడి తిరుగుతోందని ఆ మాటే చెప్పేస్తుంది. కానీ తుఫానులో చిక్కుకున్న మనిషికి ఆ సుడి కనబడదు. ఏదో ఒక దిక్కు నుంచి ఈడ్చికొట్టే గాలే తెలుస్తుంది. అందుకే దాని రూపం పట్టుబడడానికి చాలాకాలం పట్టింది.

1643లో టారిచెల్లి పాదరసం గొట్టంతో గాలికి బరువుందని తేల్చాడు. సముద్రమట్టాన ఆ బరువు సుమారు 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుంది. పాదరసం దిగితే గాలివాన వస్తుందని నావికులు నేర్చుకున్నారు. ఎందుకు దిగుతుందో వారికి తెలియదు.

1743 అక్టోబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో చంద్రగ్రహణం చూద్దామనుకుంటే ఈశాన్యపు గాలివాన అడ్డొచ్చింది. ఈశాన్యాన ఉన్న బోస్టన్‌ను అది ముందే ముంచెత్తి ఉండాలి కదా! తీరా చూస్తే అక్కడున్న సోదరుడికి గ్రహణం కనబడింది, గాలివాన ఆ తరవాతే చేరింది. అంటే గాలి వీచే దిక్కు వేరు, గాలివాన నడిచే దిక్కు వేరు.

జీనులు కుట్టే పని నేర్చిన విలియం రెడ్‌ఫీల్డ్, 1821 నాటి తుఫాను తరవాత కనెక్టికట్‌లో తిరుగుతూ కూలిన చెట్లను గమనించాడు. ఒకచోట ఒక దిక్కుకు ఒరిగినవి, ఇంకొకచోట సరిగ్గా ఎదురు దిక్కుకు పడి ఉన్నాయి. తుఫాను పెద్ద సుడి అని 1831లో రాశాడు. జేమ్స్ ఎస్పీ ఒప్పుకోలేదు. తేమగాలి పైకి లేచి, ఆవిరి నీరుగా మారుతూ వేడి విడుదల చేస్తుందనీ, అప్పుడు పీడనం పడిపోయి చుట్టుపక్కల గాలి నేరుగా లోపలికి దూసుకొస్తుందనీ ఆయన వాదన. ఏళ్ల తరబడి కలహించుకున్న ఆ ఇద్దరి దగ్గరా చెరో సగం నిజం ఉంది. 1856లో విలియం ఫెరెల్ భూభ్రమణాన్ని లెక్కలోకి తెచ్చాక రెండూ అతుక్కున్నాయి. లోపలికి వచ్చే గాలి ఉత్తరార్ధగోళంలో కుడికి మళ్లుతుంది, కాబట్టి సుడి అపసవ్యంగా తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ మళ్లింపు లేనట్టే. అక్కడ తుఫానులు దాదాపు పుట్టవు.

మన సముద్రం మీద తుఫానుల సుడిని వెతికి పట్టినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. ఓడల లాగ్‌బుక్కులు పోగేసి, ఒకే రోజున ఏ ఓడకు ఏ దిక్కు గాలి తగిలిందో పోల్చాడు. చుట్టచుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అన్న పేరు తెచ్చి 1848 పుస్తకంలో వాడాడు. 1789లో కోరంగిని ఊడ్చిన ఉప్పెన ఆయన రాతల్లోకి ఎక్కింది. 1864లో అక్టోబరులో కలకత్తా, నవంబరులో బందరు దెబ్బతిన్నాయి. ఈ దెబ్బల తరవాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

సుడి తిరిగే దిక్కు తెలిస్తే ఉప్పెన ఎటు వస్తుందో తెలుస్తుంది. పడమటికి నడిచే తుఫాను మన తీరం దాటేటప్పుడు, కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దక్షిణాన నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. దివిసీమ దానికి కుడిపక్కన, అంటే గాలి సముద్రాన్ని నేల మీదికి తోసే వైపున ఉంది.