హలో బ్రదర్: అక్క ఎందుకు నవ్వలేదు?

మొన్న దసరాకి మా రామాయంపేట వెళ్తే టీవీలో హలో బ్రదర్ వస్తోంది. 1994 సినిమా. అప్పట్లో ఇదే ఇంట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి, వాడకట్టు పిల్లలమంతా చాపల మీద కూర్చుని చూశాం. సగంలో మా నాయిన "గిదేం సిన్మరా, బంద్ చెయ్" అన్నాడు. అక్క ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను మాత్రం పడీపడీ నవ్వాను.

కథ మీకు తెలిసిందే. నాగార్జున ఇద్దరు. పుట్టగానే విడిపోయిన కవలలు. పెద్దయ్యాక ఒకరికొకరు దగ్గర్లోకి వస్తే చాలు, ఒకడికి తగిలిన దెబ్బ రెండోవాడికీ తగులుతుంది. అంతవరకూ గొడవ లేదు. ఒకడు సరసమాడితే రెండోవాడి చేతులూ ఊరుకోవు, అదీ చిక్కు.

దీనికి మూలం జాకీ చాన్ ట్విన్ డ్రాగన్స్ (1992) అని అందరూ చెప్తారు. నిజమే, కానీ ఈ కోడ్ ఇంకా పాతది. అలెగ్జాండర్ డ్యూమా 1844లో రాసిన కోర్సికన్ బ్రదర్స్‌లోనే ఒకడి బాధ రెండోవాడికి తెలుస్తుంది. దాన్నే జెమినీ వాసన్ 1949లో తమిళంలో, 1950లో తెలుగులో అపూర్వ సహోదరులుగా తీశాడు. ఎమ్.కె. రాధా ద్విపాత్రాభినయం, భానుమతి హీరోయిన్. అందులో ఒకడు ప్రేమించిన పిల్ల మీద రెండోవాడికీ మనసు పోతుంది. అన్నదమ్ముల మధ్య చిచ్చు రేగుతుంది. అంటే వాళ్ళకిది నవ్వులాట కాదు, సంకటం. ఈవీవీ దాన్ని నవ్వులాట చేశాడు.

ఈవీవీ మీద విమర్శలన్నీ డబుల్ మీనింగ్ డైలాగుల చుట్టూనే తిరుగుతాయి. మా నాయిన కోపమూ అదే. నా మటుకు నాకు అది అసలు తప్పు కాదనిపిస్తుంది. మా వైపు పెళ్ళిళ్ళలో బావామరదళ్ళ మధ్య ఇంతకంటే ముదురు మాటలు నడుస్తాయి. కాకపోతే అక్కడ మరదలు కూడా తిరిగి రెండంటుంది. సినిమాలో ఆ అమ్మాయికి ఆ అవకాశం లేదు. చెయ్యి వేసినవాడు "నా తప్పు కాదు, వాడిది" అని తప్పించుకుంటాడు, మనం నవ్వుతాం. ఆమె సంగతి ఎవడికీ పట్టదు. విచిత్రమేంటంటే, ఆడపిల్ల కష్టం మీద ఆమె సినిమా తీసిందీ ఈవీవీయే, అదీ 1994లోనే!

హలో బ్రదర్ 1997లో హిందీకి వెళ్ళి జుడ్వా అయింది. 2017లో జుడ్వా 2 వచ్చింది. ఇరవై ఏళ్ళు గడిచినా బగ్ ఫిక్స్ చెయ్యకుండా కోడ్ కాపీ కొట్టారన్నమాట. అప్పుడు కొందరు హిందీ విమర్శకులు దాన్ని గట్టిగానే పట్టుకున్నారు.

ఇన్నేళ్ళకి అక్కని అడిగాను, ఆ రోజు మధ్యలోనే ఎందుకు వెళ్ళావని.

"నవ్వు రాలేదురా. కామారెడ్డి బస్సుల గట్ల చేతులేసెటోళ్ళు గుర్తొచ్చిన్రు. వాళ్ళు గూడ నా తప్పు గాదనే అంటుండె."

అక్క అప్పుడు రోజూ ఆ బస్సులోనే కాలేజీకి వెళ్ళేది. నేను రిమోట్ తీసి ఛానెల్ మార్చాను.