బొమ్మలు, చెట్లు, పట్టణములు: జపాను అమెరికాల చెలిమి చరిత్ర

రెండు రాజ్యములు పోరాడిన కథ చరిత్ర గ్రంథములలో విరివిగా దొరకును. ఆ రాజ్యములలోని జనులు ఒకరితో నొకరు చెలిమి చేసికొన్న కథను వ్రాయువారు తక్కువ. నేనిప్పుడు మీకు మనవి చేయదలచినది ఈ రెండవ విధమైన కథ. పసిఫిక్ మహాసముద్రమున కావల నొకటి, ఈవల నొకటిగా నున్న అమెరికా, జపాను దేశములలో వర్తకులు, ఉపాధ్యాయులు, గృహిణులు, బడిపిల్లలు నూఱేండ్లకు పైగా నడపిన స్నేహోద్యమముల చరిత్ర యిది. ఆ రెండు దేశములును 1941 మొదలు 1945 వఱకు ఘోరయుద్ధము చేసిన సంగతి పెద్దలకు విదితమే. కావున వినువారికి ఒక సందేహము కలుగక మానదు. చెలిమి అంతగా నున్నచో యుద్ధ మెట్లు వచ్చినది? యుద్ధము నాపలేని చెలిమివలన ప్రయోజన మేమి? ఈ ప్రశ్నను దాటవేయక, దానిని ముందుంచుకొనియే కథ చెప్పెదను.

మొదటి ముడి వేసినవాడు ఒక బెస్త బాలుడు. జపానులోని తోసా సీమలో 1827లో పుట్టిన మంజిరో, 1841 జనవరిలో, పదునాలుగవ యేట, మఱి నలుగురితో కలిసి చేపల వేటకు పోయి, తుపానులో చిక్కి, నిర్జనమైన ఒక దీవిపై పడెను. కొన్ని నెలల పిమ్మట తిమింగలములను వేటాడు అమెరికా యోడ యొకటి ఆ యైదుగురిని రక్షించెను. ఆ యోడ నాయకుడు విలియం విట్‌ఫీల్డ్. ఆ కాలమున జపాను పాలకులు తమ ప్రజలు దేశము విడిచిపోవుటను కఠిన శాసనములతో నిషేధించియుండిరి. పోయి తిరిగి వచ్చినవారికి ప్రాణభయము కలదు. తక్కిన నలుగురు హవాయి దీవులలో దిగిపోయిరి. మంజిరో మాత్రము నాయకుని వెంట మసాచుసెట్సు రాష్ట్రములోని ఫెయిర్‌హేవెన్ అను చిన్న యూరికి 1843లో చేరెను. విట్‌ఫీల్డ్ అతనిని కన్నబిడ్డవలె జూచి, బడికి పంపి, ఇంగ్లీషు భాషయు, ఓడ నడపు విద్యయు చెప్పించెను.

1851లో మంజిరో ప్రాణములకు తెగించి స్వదేశమునకు తిరిగివచ్చి, పలుమాఱులు విచారణలకు లోనై, తుదకు విడుదల పొందెను. 1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ యుద్ధనౌకలతో జపాను రాజధాని చెంతకు వచ్చినపుడు, ఆ దేశపు గుట్టుమట్టులెఱిగిన మనిషి కావలసి, పాలకులు అతనినే పిలిపించిరి. మఱుసటి యేట, 1854లో, సంధి కుదిరెను. చరిత్ర పుస్తకములలో పెర్రీ ఫిరంగుల మాట పెద్దగా వినవచ్చును. ఒక పరదేశపు బాలునకు అన్నము పెట్టి చదువు చెప్పించిన ఓడ నాయకుని పేరు అంతగా వినరాదు. ఐనను ఆ ఋణమును మంజిరో వంశమువారు మఱువలేదు. 1918లో ఆయన కుమారుడు కృతజ్ఞతా సూచకముగా ఒక ఖడ్గమును ఫెయిర్‌హేవెన్ ప్రజలకు కానుకగా ఇచ్చెను.

సంధి పిమ్మట వ్యాపారము పెరిగెను. వ్యాపారము వెంట పరిచయములును, పరిచయముల వెంట తగవులును వచ్చెను. ఈ తగవులను తీర్చుటకు పూనుకొన్న వర్తకులలో అగ్రగణ్యుడు షిబుసావా ఎయిచి. 1840లో పుట్టిన ఈయన రైతుబిడ్డ. ఆయన యింటివారు సేద్యముతోబాటు నీలిమందు వ్యాపారము చేసెడివారు. నీలిమందు మన కడప, నెల్లూరు సీమలవారికిని తెలిసిన సరకే గదా! షిబుసావా 1873లో జపానులో మొదటి జాతీయ బ్యాంకును నెలకొల్పి, క్రమముగా దాదాపు 500 వ్యాపార సంస్థలకు చేయూత నిచ్చెను. లాభమును నీతియు ఒక చేతిలోనే ఉండవలెననునది ఆయన సిద్ధాంతము. 1908లో అమెరికా పడమటి తీరపు వర్తక సంఘములవారు జపానుకు అతిథులుగా వచ్చిరి. 1909లో షిబుసావా సుమారు ఏబదిమంది ప్రముఖులను వెంటబెట్టుకొని అమెరికాకు పోయి, మూడు నెలలపాటు రైలులో ఊరూర తిరిగి, కర్మాగారములను, విద్యాలయములను చూచి వచ్చెను. అంతకు ముందే, 1907లో, న్యూయార్కు నగరమున జపాన్ సొసైటీ యను సభ యేర్పడియుండెను. 1917లో టోకియోలో అమెరికా జపాను సొసైటీ స్థాపింపబడెను. విందులు, ఉపన్యాసములు, చిత్రప్రదర్శనములు జరిపి ఒకరి ఆచారములను మఱియొకరికి తెలియజేయుటయే ఈ సభల పని.

ఆ దినములలోనే చెట్ల సంగతి నడచెను. ఎలైజా సిడ్‌మోర్ అను అమెరికా రచయిత్రి జపాను యాత్ర చేసి, అచ్చటి చెర్రీపూల సొగసు చూచి, అట్టి చెట్లను వాషింగ్టను నగరమున నాటింపవలెనని ఇరువది యేండ్లకు పైగా అధికారులను వేడుచు వచ్చెను. తుదకు అధ్యక్షుడు టాఫ్టు సతీమణి ఆ మాట నాలకించెను. అమెరికాలో స్థిరపడి ఔషధ వ్యాపారమున పేరుగన్న జపాను శాస్త్రజ్ఞుడు తకమినే జోకిచి వెచ్చమునకు ముందుకు వచ్చెను. టోకియో నగరపాలకుడు ఒజాకి యుకియో ఆ కానుక తన నగరము పేర నుండవలెనని సంకల్పించెను. 1910లో 2,000 మొక్కలు వచ్చెను. పరీక్షింపగా వానికి పురుగును తెగులును పట్టియుండెను. అన్నింటిని తగులబెట్టవలసి వచ్చెను. కానుకను కాల్చుట కంటె అవమాన మేమున్నది? కాని టోకియోవారు కినుక వహింపలేదు. ఈ మాఱు మిక్కిలి జాగ్రత్తతో అంట్లు కట్టి పెంచి, 1912లో 3,020 మొక్కలు పంపిరి. ఆ యేడు మార్చి 27వ తేదీన టాఫ్టు సతీమణియు, జపాను రాయబారి సతీమణియు మొదటి రెండు మొక్కలు నాటిరి. 1915లో అమెరికావారు తమ డాగ్‌వుడ్ పూలచెట్లను బదులు కానుకగా పంపిరి.

ఇట్లు పూలు పూయుచుండగనే మఱియొక వైపున ముండ్లు మొలచెను. కాలిఫోర్నియాలో జపాను రైతులు చెమటోడ్చి బీడు నేలలను పండించుచుండిరి. వారి పోటీకి ఓర్వలేనివారి ఒత్తిడివలన 1913లో ఆ రాష్ట్రము ఒక భూమి చట్టము చేసెను. పౌరసత్వమునకు అర్హులు కాని పరదేశులు సాగుభూమి కొనరాదని దాని సారాంశము. పౌరసత్వము తూర్పు దేశములవారికి లేదు గనుక దెబ్బ వారికే తగిలెను. 1923లో భారతీయులును పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పుటచే, అచ్చట సేద్యము చేయుచున్న మన పంజాబు రైతులకును అదే గతి పట్టెను. దున్నిన నేలపై హక్కు లేకుండుట యెంత బాధయో మీకు నేను చెప్పనక్కఱలేదు. అదే 1923 సెప్టెంబరు 1వ తేదీన టోకియో, యొకొహామా నగరములు భూకంపముచేతను, అగ్నిచేతను నాశనము కాగా, అమెరికా ప్రజలు ధారాళముగా చందాలిచ్చి ఆహారమును, మందులను ఓడలపై పంపిరి. మఱుసటి యేటనే, 1924లో, అమెరికా శాసనసభ జపానువారి వలసను పూర్తిగా నిషేధించెను. ఒక చేత అన్నము పెట్టి మఱియొక చేత తలుపు మూసినట్లయ్యెను. జపానులో ఆ గాయము లోతుగా దిగెను.

ఈ గాయమునకు మందు వెదకినవాడు సిడ్నీ గులిక్. ఈయన జపానులో చిరకాలముండిన క్రైస్తవ బోధకుడు. జపానులో మార్చి 3వ తేదీన ఆడపిల్లల పండుగ జరుగును. మెట్లు మెట్లుగా బల్లలమర్చి, ఎఱ్ఱని వస్త్రము పఱచి, వానిపై బొమ్మలను పేర్చుదురు. మన సంక్రాంతి బొమ్మల కొలువు వంటిదే యది. పెద్దల మనసులు మాఱకున్నను పిల్లల మనసులలో స్నేహబీజము నాటవలెనని గులిక్ తలచి, 1927 పండుగకు అమెరికా పిల్లలచేత 12,739 బొమ్మలను జపాను బడులకు పంపించెను. తల్లులు, బాలికలు వానికి దుస్తులు కుట్టిరి. ప్రతి బొమ్మకు ఒక పేరు, ఒక ఉత్తరము, ఆటకు చేసిన ప్రయాణపత్రము కలవు. అటువైపున వానికి స్వాగతమిచ్చినవాడు, అప్పటికి ఎనుబదియేడేండ్లు నిండవచ్చిన షిబుసావాయే. బదులుగా జపాను బాలికలు తలకొక చిల్లికాసు చొప్పున పోగుచేసిన సొమ్ముతో, నేర్పరులైన పనివారు చేసిన 58 పెద్ద బొమ్మలు ఆ యేటి చివరకు అమెరికా చేరెను.

తరువాతి కథ దుఃఖకరము. 1931లో జపాను సేనలు మంచూరియాను ఆక్రమించెను. 1937లో చైనాతో సంపూర్ణ యుద్ధము మొదలయ్యెను. అమెరికా చమురు అమ్మకము నాపెను. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెరల్ హార్బరుపై బాంబులు కురిపించెను. ఆ నెలలోనే వాషింగ్టనులో నాలుగు చెర్రీచెట్లను ఎవరో నఱకిరి. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుని ఉత్తరువుతో, అమెరికాలో నున్న జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు వాకిళ్లు విడిపించబడి, ముండ్లకంచెల నడుమ నిర్బంధింపబడిరి. వారిలో పెక్కురు అమెరికాలో పుట్టిన పౌరులే. జపానులో నీలికన్నుల బొమ్మలను శత్రువుల బొమ్మలని కాల్చిరి, పొడిచిరి. ఐనను కొందఱు ఉపాధ్యాయులు, పసివాండ్రు ప్రేమించిన బొమ్మ చేసిన నేరమేమని, ప్రమాదమునకు వెఱవక వానిని దాచిరి. అట్లు మిగిలినవి మున్నూటికి పైగా నేటికిని కలవు.

1945లో యుద్ధము ముగిసెను. ఆగస్టు 9వ తేదీన పడిన అణుబాంబువలన నాగసాకిలో ఆ యేడాది చివరకు సుమారు 70,000 మంది మరణించిరి. 1946 మొదలు 1952 వఱకు లారా యను సహాయ సంఘముల కూటమి జపానుకు ఆహారము, బట్టలు, మందులు, పాలిచ్చు మేకలను సైతము పంపెను. దానికి చందాలిచ్చినవారిలో, నిర్బంధ శిబిరములనుండి అప్పుడే వెలువడిన జపాను సంతతివారును కలరు. తమకు నిలువ నీడ లేకున్నను వారు చేయి చాచి యిచ్చిరి. యుద్ధకాలమున టోకియో చెంత అరకావా నదీతీరమందలి మాతృవృక్షములు క్షీణింపగా, 1952లో వాషింగ్టను చెట్లనుండి కొమ్మలు కోసి పంపిరి. కానుకగా పోయిన చెట్టు తన తల్లి చెట్టును నిలిపినది.

1955 డిసెంబరు 7వ తేదీన మిన్నెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ నగరము నాగసాకితో అక్కచెల్లెండ్ర పట్టణ సంబంధము కుదుర్చుకొనెను. ఆ తేదీని గమనింపుడు. పెరల్ హార్బరుపై దాడి జరిగిన దినమది. 1956లో, తాను స్వయముగా సేనాపతియైన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు, ప్రజలకును ప్రజలకును నడుమ నేరుగా సంబంధము లుండవలెనని ఇట్టి ప్రయత్నములను దేశమంతట ప్రోత్సహించెను. సియాటిలు కోబేతో 1957లోను, పోర్ట్‌లాండు సప్పోరోతో 1959లోను జతకూడెను. ఈ సంబంధముల నడక సులభము. రెండు పురపాలక సంఘములు తీర్మానము చేయును. పౌరుల సంఘ మొకటి పని నడపును. విద్యార్థులు పరదేశపు గృహస్థుల యింట నుండి వారు తిన్నదే తిని, వారి బడికి పోవుదురు. వెంటనే వర్తక సంఘములవారు వచ్చి సరకుల మాట లాడుకొందురు.

వ్యాపారము మరల పెరిగినపుడు పాత చిక్కులు మరల తలయెత్తెను. 1980 తరువాతి సంవత్సరములలో అమెరికా మోటారు కర్మాగారములలో పనులు పోయినవారు జపాను కార్లను నడివీథిలో సుత్తెలతో పగులగొట్టిరి. ఆ దినములలోనే, 1982లో, హోండా సంస్థ ఒహాయో రాష్ట్రములోని మేరీస్‌విల్ చెంత కార్లను తయారు చేయ మొదలిడెను. 1988లో టొయోటా సంస్థ కెంటకీలోని జార్జిటౌనులో పని సాగించెను. పోటీదారుగా కనబడినవాడు పొరుగువాడై, ఊరిలో కూలి యిచ్చువాడయ్యెను. జార్జిటౌను, టొయోటాకు మఱియొక కర్మాగారమున్న జపానులోని తహారాతో చుట్టరికము కలుపుకొనెను. ఫెయిర్‌హేవెనును మంజిరో పుట్టిన సీమలోని తోసాషిమిజుతో 1987లో చెలిమి ఒడంబడిక చేసికొనెను.

ఇట్టి ముడులు తెగవని నేను చెప్పను. యుద్ధకాలమున జపాను సేనలచే చెఱపట్టబడిన స్త్రీల స్మారక విగ్రహము విషయమై తగవు పుట్టి, 1957 నుండి సాగిన సంబంధమును ఒసాకా నగరము 2018లో సాన్‌ఫ్రాన్సిస్కోతో త్రెంచుకొనెను. జరిగిన కీడును కప్పిపుచ్చి చెలిమి చేయబూనిన చోట ముడి బిగువు కాదు. దీనికి మాఱుగా, పెరల్ హార్బరు దాడిని పన్నిన సేనాని యమమోతో పుట్టిన నాగవోకా పట్టణమును, ఆ దాడికి గుఱియైన హొనొలులు నగరమును 2012లో జతకూడెను. 1945 ఆగస్టు 1వ తేదీ రాత్రి అమెరికా బాంబులవలన నాగవోకాలో 1,400 మందికి పైగా మరణించిరి. 2015 ఆగస్టులో నాగవోకా పనివారు ఇరువైపుల మృతుల స్మృత్యర్థము పెరల్ హార్బరుపై బాణసంచా కాల్చిరి. అచ్చట ఎవరును తమ కీడును మఱువలేదు, ఎదుటివారి కీడును కాదనలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బొమ్మలు గాని చెట్లు గాని యుద్ధము నాపలేదు. అన్యాయమైన భూమి చట్టమును, వలస చట్టమును అట్లే యుంచి, సేనల దురాక్రమణమును అదుపు చేయక, కానుకలు మాత్రమే ఆపవలెననుట తగదు. శాసనము చేయవలసిన పని బొమ్మ చేయజాలదు. జపానువారికి పౌరసత్వపు హక్కు 1952లో గాని రాలేదు. నిర్బంధమునకు అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి పరిహార మిచ్చుటకు 1988 వఱకు పట్టెను. ఆ న్యాయము లేనిదే చెలిమికి పునాది లేదు. కాని యుద్ధము ముగిసిన మఱునాడు, ఎవరి చేయి ముందుగా పట్టుకొనవలెనో తెలిసినవారు రెండు దేశములలోను కొందఱుండిరి. వారు గాలిలోనుండి ఊడిపడలేదు. విట్‌ఫీల్డ్ యింటి అన్నము, షిబుసావా ప్రయాణములు, 1927 నాటి బొమ్మల పండుగ, ఇవి వారిని సిద్ధపఱచెనని నా నమ్మకము.

రెండు గ్రామముల నడుమ చెఱువు నీటికో, పొలము గట్టునకో తగవు వచ్చినపుడు, కోర్టు తీర్పు వచ్చిన తరువాతను పొరుగువారుగా బ్రతుకవలసినవారు ఆ రెండు గ్రామములవారే. తగవు ముదిరిన దినమున మాటలాడగల మనుష్యు లిరువురు ముగ్గురైనను ఇటునటు నుండవలెనన్నచో, తగవు లేని దినములలోనే రాకపోకలు నడపవలెను. పిల్లలను ఒకరి పండుగకు ఒకరు పంపుకొనవలెను. ఆ పని పెద్దలు తలపెట్టినగాని జరుగదు.